తల్లి వేసిన దావా

అబ్దుల్ మజీద్ మీద అతని కన్నతల్లి హజ్రా బీ నరసరావుపేట మున్సిఫ్ కోర్టులో మనోవర్తి దావా వేసిందనీ, ఆ దావా వేయించింది సాక్షాత్తూ ఆ కొడుకేననీ పోయిన వారం చదివినవారికి గుర్తుండే ఉంటుంది. చదవనివారి కోసం రెండు మాటలు.

యుద్ధం సాగినన్నాళ్ళూ పిడుగురాళ్లలో మజీద్ సున్నపు బట్టీలు ఆరలేదు. పటాలాలు దిగే బారకాసులకూ, విమానాల మైదానాలకూ సున్నం రైలు పెట్టెల్లో పోతూనే ఉండేది. రాబడి పెరిగింది. రాబడి వెనకాలే ఇన్‌కంటాక్సు ఆఫీసరూ వచ్చాడు. యుద్ధం ఆగీ ఆగకముందే పన్ను తాఖీదు ఇంటికొచ్చింది. కట్టలేకపోతే బట్టీలు వేలానికి పోతాయి. ఆ అదనులో ప్లీడరు మస్తాన్‌రావు ఒక దారి చూపించాడు. కొడుకు ప్రేమతో తల్లికి ఎంత పెట్టినా ఆ ఖర్చును పన్నులో తగ్గించరు. అదే తల్లి కోర్టుకెక్కి, కొడుకు నన్ను చూడటం లేదని మొరపెట్టుకుని, కోర్టు ఆమె పోషణ భారాన్ని ఆస్తి మీద పెట్టి డిక్రీ ఇస్తే, ఆ సొమ్ము కొడుకు రాబడి కిందికే రాదు. అతని చేతికి అందకముందే అది తల్లిదైపోయిందని అర్థం. దావా వేసి వెంటనే రాజీ పడితే సరిపోతుందన్నాడు మస్తాన్‌రావు.

బిడ్డ నిలబడతాడంటే అబద్ధమైనా ఆడదామనుకుంది హజ్రా బీ. దావా కాగితం మీదా, రాజీ కాగితం మీదా వేలిముద్ర వేసింది. ఇక కోర్టులో ఆమె నోటితో ఒప్పుకోవడమే మిగిలింది.

* * *

ఆ రోజు పొద్దున కోడలు జాహెదా అత్తకు పళ్ళెం పెట్టిన తీరులోనే తేడా కనపడింది. రోజూ పెట్టే జొన్నరొట్టె, గోంగూర పచ్చడి కాదు. చుట్టాలొస్తే వండే ఖీమా, నెయ్యి రాసిన రొట్టెలు, గిన్నె నిండా గడ్డపెరుగు. పెట్టి వంటింట్లోకి పోయే మనిషి, ఆ పూట పక్కనే నిలబడింది.

"ఏందమ్మా ఇదంతా? కోర్టుకు పోయేదాన్ని, ఇంత తిని ఎట్టా కూర్చుంటా?" అంది హజ్రా బీ.

"తిను అత్తా. నువ్వు తినటం నేను కళ్ళారా చూడాల. కోర్టుకు పోయే పూట కూడా కడుపునిండా తినే పోయిందని చెప్పుకోవటానికి నాకు ఆ ఒక్క మాటన్నా మిగలాలగా."

రొట్టె తుంచుతున్న చెయ్యి ఆగిపోయింది. "అది నిన్ను అన్నది కాదమ్మా. మజీదు మీద కదా రాసింది."

"నీ కొడుకు వండుతున్నాడా ఈ ఇంట్లో? కూడు పెట్టటం లేదంటే ఎవరిని అన్నట్టు అత్తా? మొన్న నీళ్ళకి పోతే బావి కాడ ఆడోళ్ళు నన్ను చూసి మాట ఆపేశారు. చిలకలూరిపేటలో మా నాయన దాకా పోయిందంట. మనిషిని పంపించి అడిగించాడు, అత్తను పస్తులు పెడతన్నావంట నిజమేనా అని. ఏం చెప్పమంటావు? పన్ను కోసం ఆడే నాటకమని చెప్పొద్దన్నాడు నీ కొడుకు. నిజమేనని ఒప్పుకోమంటావా?"

జాహెదా గొంతు పెంచలేదు. అందుకే హజ్రా బీకి ఎక్కువ బాధ కలిగింది. పోయిన వానాకాలం చలిజ్వరంతో తను మంచాన పడితే, ఒంటి మీది గుడ్డలు మార్చింది ఈ పిల్లే. నోటికి గంజి అందించింది ఈ పిల్లే. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని పెద్దలు ఊరికే అనలేదు. ఆమె తల వంచుకుని తినసాగింది. పళ్ళెంలో తునక మిగల్చలేదు. కోడలికి ఆ పూట ఇవ్వగలిగిన జవాబు అదొక్కటే.

వీధిలో జట్కా ఆగింది. మజీద్ తల్లిని చెయ్యి పట్టుకుని ఎక్కించి, తను తోలేవాడి పక్కన కాకుండా ఆమె ఎదురుగా కూర్చున్నాడు. నలభై దాటలేదు గాని బట్టీ పొగ అతన్ని అప్పుడే ముసలివాణ్ణి చేసింది. మాట మాటకూ దగ్గు. కనురెప్పల మీద సున్నం ఎన్నిసార్లు కడిగినా పోదు.

"మూడే మాటలమ్మా. కొడుకు చూడటం లేదు అను. వేలిముద్ర నాదే అను. రాజీకి ఒప్పుకున్నా అను. అంతే."

"ఖుదా పేరు మీద ప్రమాణం చేయిస్తారంటగా."

"చేయిస్తారు." మజీద్ రోడ్డు వైపు చూశాడు. "మనసులో లేనిది నోటితో అంటే పాపం అంటదంట. ప్లీడరు గారు అన్నాడు."

"ఆ సంగతి ప్లీడరుకెట్టా తెలుసురా?"

జట్కా బస్సు దగ్గర ఆగింది. నరసరావుపేటలో దిగి ఇద్దరూ కోర్టు ఆవరణలోకి నడిచారు.

* * *

రాజీ పడ్డ కేసులు కోర్టులో కన్ను మూసి తెరిచేలోగా తేలిపోతాయి. ఇదీ అట్లాగే తేలుతుందని మస్తాన్‌రావు అనుకున్నాడు. హజ్రా బీ తరఫున నిలబడటానికి తనకు తెలిసిన ఒక కుర్ర ప్లీడరును కూడా ఆయనే కుదిర్చాడు. ఆ మున్సిఫ్ మాత్రం తొందరపడే మనిషి కాదు. బక్కపలచని పెద్దాయన. కళ్ళజోడు ముక్కు మీదికి జార్చుకుని కాగితమంతా ఒకసారి చదివి, మళ్ళీ మొదటి పేజీకి వచ్చాడు.

"వాది చదువురాని మనిషి, పైగా ఘోషా స్త్రీ. ఆమెకు అర్థమైందని నాకు నమ్మకం కుదిరితే తప్ప ఇది ఒప్పుకోను. ఆమెను బోనులోకి రానివ్వండి" అన్నాడు.

హజ్రా బీ తెల్లటి దుప్పటి నెత్తి మీదికి లాక్కుని బోనెక్కింది. బంట్రోతు చెప్పించినట్టు ప్రమాణం చేసింది.

"అమ్మా, మీ అబ్బాయి మీకు కూడూ గుడ్డా చూడటం లేదని రాశారు. నిజమేనా?"

పొద్దున తిన్నది ఇంకా అరగలేదు. జాహెదా నిలబడి చూసిన చూపు కళ్ళ ముందే ఉంది. ఆమె ఒకసారి కొడుకు వైపు చూసింది. మజీద్ తల వంచుకుని ఉన్నాడు.

"చూడటం లేదయ్యా" అంది.

ఎవరి గొంతో అన్నట్టు వినపడింది ఆమెకే. వెనక బెంచీల మీద ఎవరో నాలుక చప్పరించారు. "తల్లికి కూడు పెట్టనోడు ఎంత సంపాదిస్తే ఏంది" అని ఎవరో గొణిగారు. మజీద్ మెడ మీది నరం కదలడం ఆమెకు కనిపించింది. గుమాస్తా కలం గరగరమంటూ ఆ మాట రాసుకుంది.

అయిపోయిందనుకుంది హజ్రా బీ. మున్సిఫ్ పేజీ తిప్పాడు.

"సరే. మీ భర్త గులాం మొహిద్దీన్ గారి తాలూకు ఆస్తి ఏదీ లేదనీ, బట్టీ, ఇల్లు, రాతి గని అన్నీ మీ అబ్బాయి స్వార్జితమనీ, వాటిలో మీకు ఏ హక్కూ లేదనీ, మీరు పూర్తిగా అతని మీద ఆధారపడ్డవారనీ ఇందులో ఉంది. ఇది మీకు చదివి వినిపించారా?"

"మళ్ళీ ఒకసారి చెప్పండయ్యా."

ఆయన ఓపిగ్గా మళ్ళీ చెప్పాడు.

"స్వార్జితమంటే ఏందయ్యా?"

"అతను సొంతంగా సంపాదించుకున్నదని. మీ భర్త నుంచి వచ్చింది కాదని."

హజ్రా బీ చేతులు బోను కర్రను పట్టుకున్నాయి. పెళ్ళయిన కొత్తలో మొహిద్దీన్, తనూ కలిసి కట్టిన బట్టీ అది. రాయి అతను పగలగొడితే బొగ్గు తను పరిచింది. కడుపులో మజీద్ ఉండగా కూడా పరిచింది. ఆ ఇంటి గోడలకు మొదటి పూత సున్నం ఆ బట్టీలో కాలిందే.

"ఆ మాట ఎవరు రాశారయ్యా?" అని అడిగింది.

కుర్ర ప్లీడరు గభాలున లేచాడు. "అయ్యా, వాదికి కాస్త కంగారుగా ఉంది, నేను సర్దిచెబుతాను—"

మున్సిఫ్ చెయ్యెత్తి అతన్ని కూర్చోబెట్టాడు. "దాని మీద ఉన్నది మీ వేలిముద్రమ్మా. కాబట్టి రాసింది మీరేనని అనుకోవాలి. అర్థం కాని కాగితం మీద మాత్రం నేను డిక్రీ ఇవ్వను. భోజనాల తరవాత మళ్ళీ పిలిపిస్తాను. ఈలోగా అన్నీ అడిగి తెలుసుకోండి."

* * *

మస్తాన్‌రావు గది కోర్టు ఎదురుగానే. ఆయన కుర్చీ చూపించాడు. హజ్రా బీ కూర్చోలేదు. మజీద్ గుమ్మం దగ్గరే ఆగిపోయాడు.

"ప్లీడరు బాబూ, నాకు తిరకాసు మాటలు చెప్పొద్దు. కూడు పెట్టటం లేదని చెప్పమన్నారు, చెప్పా. ఆ పాపం నేనే నెత్తినేసుకున్నా. ఆ రెండో మాట సంగతేంది? అది నాకు ఎవరూ చెప్పలేదే?"

మస్తాన్‌రావు చెడ్డవాడు కాడు. వచ్చిన పార్టీకి దారి చూపించడమే తన పని అనుకునే మనిషి. ఆయన తుండుతో మెడ తుడుచుకున్నాడు.

"ఆ రెండో మాట లేకపోతే మొదటి మాట నిలవదమ్మా. మీ షరియత్ ప్రకారం తల్లి కొడుకు మీద మనోవర్తి అడగాలంటే ఆమెకు సొంతానికంటూ ఏమీ ఉండకూడదు. లేమిలో ఉండాలి. మీకు వాటా ఉందంటే మీరు ఆశ్రితురాలు కారు. ఆశ్రితురాలు కాకపోతే ఈ డిక్రీ రాదు, పన్ను తగ్గదు. అందుకని అట్లా రాయాల్సి వచ్చింది."

"రాస్తే పోయేదేంది?"

"ఏం పోద్దమ్మా?" అన్నాడు మజీద్ గుమ్మంలోంచి. "కాగితం కాగితమే, ఇల్లు ఇల్లే. నిన్ను ఎవరన్నా పొమ్మంటారా?"

"నిన్ను అడగలేదురా."

మస్తాన్‌రావు మజీద్ వైపు ఒక చూపు చూసి, తప్పదన్నట్టు చెప్పాడు. "ఆ మాట మీద డిక్రీ పడిందంటే, రేపు మీరు గాని, మీ అమ్మాయి గాని వాటా అడిగితే ఇదే అడ్డం పెడతారమ్మా. కన్నతల్లే కోర్టులో ఒప్పుకుంది, తండ్రి ఆస్తి ఏమీ లేదని, అంటారు."

"మా అమ్మాయికి వాటా ఏంది?"

ఆ అడగడంలో నటన లేదు. హజ్రా బీకి నిజంగా తెలియదు. వాళ్ళ ఊళ్ళో చుట్టుపక్కల అందరి ఇళ్ళలో లాగే, ఆడపిల్లకు నిఖా చేసి నాలుగు గిన్నెలు, రెండు జతల బట్టలు ఇచ్చి పంపితే తీరిపోయిందనుకునేవాళ్ళు. కొడుకన్నవాడు ఇంటికి యజమాని. అంతకు మించి ఆమెకు ఎవరూ చెప్పలేదు.

"భర్త పోతే భార్యకు ఎనిమిదో వంతు. మిగిలినదాంట్లో కొడుక్కి రెండు పాళ్ళు, కూతురికి ఒక పాలు. ఇది నేను చెప్పేది కాదమ్మా, మీ శాస్త్రమే."

హజ్రా బీ అప్పుడు కూర్చుంది.

కూతురు సాబిరా మాచర్లలో ఉంటుంది. బడిపంతులు అబ్దుల్ రహీమ్‌కిచ్చి చేశారు. అతను చలిజ్వరం ముదిరి చనిపోయాడు. ఇద్దరు పిల్లలతో, ఒక పాత కుట్టు మిషను మీద రవికలు కుడుతూ రోజులు ఈడుస్తోంది. పోయిన ఏడు రైలెక్కి వచ్చి, అన్న ఇంటి వసారాలో గోడకానుకుని కూర్చుంది. పెద్దోణ్ణి బడికి పంపలేకపోతున్నాను అన్నా, అని అంది. అంతకు మించి అడగలేదు. వెళ్ళేటప్పుడు మజీద్ జొన్నల బస్తాలు రైలుకెత్తించాడు. మొన్న రంజాన్‌కి మళ్ళీ పంపాడు. తన కొడుకు తోబుట్టువును మరిచిపోలేదని హజ్రా బీ పదిమందిలో చెప్పుకుని మురిసింది.

"ఈ సంగతి నీకు తెలుసా మజీదూ?"

మజీద్ దగ్గాడు.

"నిన్నే అడిగేది. తెలుసా?"

"తెలుసు."

"ఎప్పటి నుంచి?"

"ఖాజీ గారు చెప్పాడు. పోయినేడు."

"పోయినేడంటే అది వచ్చి వసారాలో కూర్చున్న ఏడా?"

మజీద్ తల ఊపాడు.

"మరి ఆ జొన్నలు ఏం పేరు పెట్టి పంపావురా?"

అతనికి జవాబు తెలుసు. ఆమెకూ తెలుసు. ఇంట్లో అందరి ముందూ ఆ మాట అనే బస్తాలు ఎత్తించాడు.

"జకాత్ అన్నావు" అంది హజ్రా బీ తనే. "బీదోళ్ళకిచ్చే జకాత్. దాని సొమ్ము నీ దగ్గర పెట్టుకుని, దాన్ని బీదదాన్ని చేసి, దానికే దానమిచ్చావా? ఆ పిల్ల కళ్ళకద్దుకుని తీసుకుపోయింది కదరా!"

"అమ్మా!" మజీద్ గుమ్మం దాటి లోపలికి వచ్చేశాడు. "నాయన పోయిన నాడు ఏముందమ్మా? ఒక్క బట్టీ. అదీ ఒక పక్క కూలిపోయి ఉంది. కూలోళ్ళు ఒక్కడు మిగల్లేదు. రాయి నేను మోశా. ఆ పొగ నేను మింగా. ఇదిగో, ఈ గుండెల్లో గరగర ఎవరిది? సాబిరా ఒక్క పూట ఎండలో నిలబడిందా? బావ బతికున్నప్పుడు వాటా అన్నదా? ఇప్పుడు పంచి పెట్టమంటే ఎట్టా? పంచితే ఏం మిగులుద్ది? నాకూ బిడ్డలున్నారమ్మా!"

అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ నీళ్ళు అబద్ధం కాదని హజ్రా బీకి తెలుసు. బట్టీ కాలే రోజుల్లో ఇంటికి రాకుండా అక్కడే గోనె పట్టా మీద పడుకున్న కొడుకు వీడు. తనకు జ్వరం వస్తే డాక్టరును జట్కాలో కూర్చోబెట్టి, తను వెనక పరిగెత్తుకుంటూ వచ్చిన కొడుకూ వీడే.

"నువ్వు పడ్డ కష్టం నేను కాదంటానా?" అంది కాస్త మెత్తబడి. "నువ్వు కట్టిన బట్టీలు నీవే. నీ చెమట ఎవరు పంచుకుంటారు? మీ నాయన మీద మన్ను పోసిన నాడు ఉన్నదాని సంగతే నేనడిగేది. ఆ కూలిపోయిన బట్టీలోనే అయితే ఆ కూలిపోయినదాంట్లోనే అడుగుతా. లేదని ఎట్టా రాయించావు?"

ఆమె ప్లీడరు వైపు తిరిగింది.

"బాబూ, తెలియక అడుగుతున్నా. ఆ వాటాలు నిజంగా తేల్చుకుంటే పన్ను సంగతి ఏమవుద్ది?"

మస్తాన్‌రావు కొంచెంసేపు ఆలోచిస్తున్నట్టు కళ్ళజోడు తీసి తుడిచాడు. నిజానికి ఆలోచించడానికేమీ లేదు.

"ఎవరి వాటా మీది రాబడికి వాళ్ళు కట్టుకోవాలమ్మా. అంతా ఒక్కడి పేర ఉంటే పన్ను రేటు పెరుగుతుంది. విడివిడిగా చూస్తే తక్కువే పడుతుంది."

"అయితే ఆ దారిలో పోయినా బట్టీలు నిలిచేవా?"

"ఆఫీసరు ఒప్పుకుంటే నిలిచేవే."

"అబద్ధం చెప్పక్కర్లేకుండా?"

"చెప్పక్కర్లేకుండానే."

"మరి ఆ దారి ముందే ఎందుకు చెప్పలేదు బాబూ?"

ఎదురుగా కోర్టు వసారాలో బంట్రోతు ఎవరి పేరో పిలుస్తున్నాడు. మస్తాన్‌రావు కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నాడు.

"చెప్పానమ్మా" అన్నాడు మెల్లగా. "మొదట చెప్పింది అదే. మీ అబ్బాయికి నచ్చలేదు."

హజ్రా బీ అరవలేదు. గుండెలు బాదుకోలేదు. కొడుకు మొహంలోకి చూస్తూ ఉండిపోయింది. తను ఎత్తుకుని పెంచిన మొహమే. అందులో ఒక మూలన ఇంత చీకటి ఉందని ఎన్నడూ కనపడలేదు.

"నీ బట్టీలు నిలబెట్టటానికి అబద్ధం ఆడుతున్నానని అనుకున్నానురా నేను" అంది చివరికి. "నీ చెల్లెలి నోటికాడ కూడు తీయటానికి ఆడించావా? దానికి అమ్మనే అడ్డం పెట్టావా?"

మజీద్ ఆమె కాళ్ళ దగ్గర కూలబడ్డాడు. "ఈ ఒక్కసారికి ఊ అనమ్మా. పన్ను సంగతి తేలిపోనీ. సాబిరాకి నేనే రాసిస్తా. నీ మీద ఒట్టు."

"పోయినేడు ఎందుకు రాయలేదు?"

అతని తల ఆమె కాళ్ళ మీదికి వంగింది.

"నువ్వు ఇచ్చేదాకా అది అడుక్కునేదే. అది హక్కుదారని చెప్పటానికి నాకు ఒక్క మాట చాలు. ఆ మాట నా నోట్లో ఇయ్యాల ఉంది. రేపు ఉంటదో లేదో." హజ్రా బీ దుప్పటి సవరించుకుని లేచింది. కాళ్ళ దగ్గరున్న కొడుకు తల మీద ఒక్కసారి చెయ్యి పెట్టింది. దీవించినట్టో, పక్కకు జరగమన్నట్టో మజీద్‌కు తెలియలేదు. పక్కకు జరిగాడు.

* * *

కోర్టు మళ్ళీ నిండింది. తల్లీకొడుకుల తగువు సంగతి ఊళ్ళో పాకినట్టుంది, నిలబడటానికి కూడా చోటు లేదు. హజ్రా బీ బోనెక్కింది. ఈసారి దుప్పటి మొహం మీదికి లాక్కోలేదు.

"అన్నీ తెలుసుకున్నారా అమ్మా? ఈ రాజీకి ఒప్పుకుంటున్నారా?" అడిగాడు మున్సిఫ్.

"ఒప్పుకోవటం లేదయ్యా. ముందు ఒక మాట రాసుకోండి. పొద్దున నేను చెప్పింది అబద్ధం. నా కొడుకు, నా కోడలు నన్ను బాగానే చూస్తన్నారు. నా కోడలు నన్ను కన్నకూతురి కన్నా ఎక్కువగా చూస్తన్నది. ఆ పిల్లను ఎవరూ ఏమీ అనొద్దు."

వెనక కలకలం లేచింది. మున్సిఫ్ బల్ల మీద అరచేత్తో కొట్టాడు.

"నేను ఎవరి మీదో పడి తినే మనిషిని కాదయ్యా" అని కొనసాగించింది హజ్రా బీ. "మనోవర్తి నాకొద్దు. నా మొగుడి ఆస్తిలో నాకొక వాటా ఉందంట. మాచర్లలో నా కూతురుంది, సాబిరా. దానికీ ఉందంట. నాకు ఇయ్యాలే తెలిసింది. ఆస్తి ఏమీ లేదన్న మాట నేను ఒప్పుకోను. ఆ వాటాలు తేల్చండి."

"ఈ దావాలో అది తేలదమ్మా. దీన్ని కొట్టేస్తాను. వాటా కోసం వేరే దావా వేసుకోవాలి."

"వేస్తానయ్యా."

ఆ ఒక్క మాటతో హజ్రా బీ గుండెల మీది బరువు దిగిపోయింది. ఆమె బోను దిగబోయింది.

"ఆగండి" అన్నాడు మున్సిఫ్.

ఆయన కలం కింద పెట్టాడు. గొంతులో ఇంతకుముందున్న మెత్తదనం లేదు. "ఈ కోర్టులో దేవుడి పేర ప్రమాణం చేసి అబద్ధం చెప్పానని మీరే ఒప్పుకున్నారు. అది నేరం. జైలు దాకా పోతుంది. పన్ను ఎగ్గొట్టడానికి వేసిన దావా అని నాకు పొద్దుటి నుంచే అనుమానంగా ఉంది. చదువురాని మనిషికి అంత ఆలోచన రాదు. ఈ అబద్ధం మీ అంతట మీరు చెప్పారా, ఎవరైనా చెప్పించారా? చెప్పించినవాళ్ళ పేరు చెబితే మిమ్మల్ని వదిలేసే వీలుంటుంది."

మస్తాన్‌రావు తన ముందున్న కాగితాలను అక్కర్లేకపోయినా సర్దుతున్నాడు. ఆ పక్కన మజీద్ దగ్గును అరచేత్తో అదిమిపెట్టుకుని ఉన్నాడు.

పేరు చెబితే నిజమే చెప్పినట్టు. ఇందాకటి నుంచి నిజమే చెబుతానని అనుకుంది కదా! కాని ఆ నిజం చివర జైలు గోడ ఉంది. ఆ గోడ అవతల దగ్గుతున్న కొడుకున్నాడు. ఇవతల జాహెదా, పిల్లలు. కూతురి కోసం ఒక బిడ్డను బలివ్వడానికి ఆమె ఇక్కడికి రాలేదు. రెండు చేతుల్లో ఇద్దరు బిడ్డలను పట్టుకుని ఏటి నడుమ నిలబడ్డట్టుంది ఆమెకు.

"నా నోటితో నేనే చెప్పానయ్యా" అంది. "శిక్ష ఏదన్నా ఉంటే నాకే వెయ్యండి."

"బాగా ఆలోచించుకునే చెబుతున్నారా?"

"ఆలోచించుకునే."

మున్సిఫ్ నిట్టూర్చి, గుమాస్తా వైపు తిరిగాడు. "ఆమె మాట రాసుకో. వాదిని బయటికి పోనివ్వొద్దని బంట్రోతుకు చెప్పు. ఫిర్యాదు కాగితం తయారుచెయ్యి."

బంట్రోతు వచ్చి బోను పక్కన నిలబడ్డాడు. ముసలమ్మను తాకడానికి అతనికి చేతులు రాలేదు.

అప్పుడు ప్లీడర్ల వైపు బెంచీ ఒకటి కిర్రుమంది. హజ్రా బీ తల తిప్పి చూసింది. అబ్దుల్ మజీద్ లేచి నిలబడి ఉన్నాడు. మస్తాన్‌రావు అతని కోటు అంచు పట్టుకుని, కూర్చో, కూర్చో అని పళ్ళ మధ్య నుంచి అంటున్నాడు. మజీద్ ఆ చేతిని విదిలించుకున్నాడు.

వద్దన్నట్టు హజ్రా బీ తల అడ్డంగా ఊపింది. కొడుకు తన వైపు చూడనేలేదు.

"ప్రతివాది ఏమైనా చెప్పుకోవాలా?" అడిగాడు మున్సిఫ్.

"చెప్పాలయ్యా" అన్నాడు మజీద్. "ముందు నాతో కూడా ప్రమాణం చేయించండి."